వెనిస్ చేరని బస్సు

మా బస్సుకు కంపు ఆస్ట్రియాలో పట్టుకుందని మా స్కూల్లో అందరూ చెప్పుకుంటారు. అది అబద్ధం. పోలండులోని కియెల్త్సేలో, మా స్కూలు గేటు ముందు, ఇంకా మేమెవరం ఎక్కకముందే అది కంపు కొడుతోంది. తలుపు తెరుచుకోగానే తడిసిన కుక్క, ఆర్పేసిన సిగరెట్టు, విరిగిన పాలు కలిపి ఉడకబెట్టినట్టున్న గాలి మెట్ల మీదుగా కిందికి దిగింది. నన్ను సాగనంపడానికి వచ్చిన మా అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇదేం బస్సండీ? లోపల ఏమైనా చచ్చిందా?"

యాత్రల కంపెనీ తరఫున మమ్మల్ని తీసుకెళ్ళే కురెక్ నవ్వాడు. లేత నీలం చొక్కా, మెడలో విజిల్, రెండు చెంపలకూ ధారాళంగా పట్టించిన సెంటు. "కిటికీలు మూసి ఉన్నాయి కదమ్మా. బండి కదిలితే అన్నీ పోతాయి. రేపీపాటికి మీ అమ్మాయి వెనిస్‌లో పడవెక్కి ఫోటోలు పంపిస్తుంది" అన్నాడు.

ఒతీలియా అన్న నా పేరును ఎప్పటిలా ముద్దుగా మార్చి, అమ్మ నా చెవిలో "నోటితో గాలి పీల్చుకో, ఒతీల్కా" అంది. అదే ఆ ప్రయాణానికి నాకు దొరికిన ఒకే ఒక్క మంచి సలహా.

నా పక్క సీటు బోగ్నాది. ఒకటో తరగతి నుంచీ నా పక్కన కూర్చునేది అదే. వెనిస్ ఫోటోల కోసం కొత్త తెల్లబూట్లు కొనుక్కుంది. వాటికి మట్టి అంటకుండా ఎక్కేటప్పుడు మెట్టు మీద ఒకే చోట, కాలి మునివేళ్ళతో అడుగేసింది. ముందు సీట్లో చరిత్ర చెప్పే హలీనా మేడమ్. ఏడాదంతా వెనిస్ గురించి చెప్పీ చెప్పీ మమ్మల్ని ఊరించిన మనిషి. నడుం నొప్పి వల్ల దిండు పెట్టుకుని, మెడకు రుమాలు చుట్టుకుని, ఊరు దాటకముందే కళ్ళు మూసుకుంది.

బండి కదిలాక కురెక్ మైకు పట్టుకుని వెనకనున్న టాయిలెట్ గురించి చెప్పాడు. "అది ప్రాణం మీదికొస్తేనే వాడాలి. అదీ ఒంటికి మాత్రమే. రెంటికైతే పెట్రోలు బంకు వచ్చేదాకా బిగబట్టుకోండి. అర్థమైందా?"

అర్థమైంది. కటొవీత్సే కూడా చేరకముందే మా క్లాసు టిమెక్, వాడి జట్టూ పందెం కాసి మరీ ఆ నియమాన్ని తుంగలో తొక్కారు. బయటికొచ్చిన టిమెక్ రెండు చేతులూ పైకెత్తి "ప్రాణం మీదికొచ్చింది సార్!" అన్నాడు. అబ్బాయిలు చప్పట్లు కొట్టారు. కురెక్ కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు ఇప్పటికీ తెలియదు.

చెక్ దేశంలోకి వచ్చాక, ఓస్త్రవా దాటిన కాసేపటికి టైరు పేలింది. డ్రైవరు మీరెక్ తిట్టుకుంటూ దిగి చూస్తే అదనంగా ఉంచిన టైరులోనూ గాలి లేదు. ఎవరో వేరే టైరు తెచ్చి ఇచ్చేదాకా రోడ్డు పక్కన గడ్డిలో ఎండలో కూర్చున్నాం. జూన్ నెల. నీడ లేదు. ఉన్న ఒక్క పొద చాటున అప్పటికే అబ్బాయిలు వరసగా నిలబడి పని కానిచ్చారు కాబట్టి అటువైపు వెళ్ళే ప్రశ్నే లేదు.

తిండి పొట్లాలు బస్సు పొట్టలో, ఇంజను పక్కన సామాన్ల గూట్లో ఉన్నాయి. మధ్యాహ్నం పంచుతానన్నాడు కురెక్. నాకు ఆకలికి తల తిరుగుతోంది. అడిగితే విసుక్కుంటూ ఒకటి చేతిలో పెట్టాడు. బ్రెడ్డు మధ్యన కోడి కట్లెట్, గుడ్డు, మయోనీజ్. పొట్లం గోరువెచ్చగా ఉంది. వేడిగా ఉంది కదా, ఇప్పుడే చేసి ఉంటారని సంబరపడ్డాను. రెండు నిమిషాల్లో తినేసి వేళ్ళు కూడా నాక్కున్నాను. మిగతావాళ్ళ పొట్లాలు ఇంకా చాలాసేపు ఆ గూట్లోనే ఉడికాయి. వియన్నా దగ్గర వాహనాలన్నీ ఆగిపోయి బస్సు కదలనప్పుడు, ఏం చేయాలో తోచక అందరూ అవి విప్పారు.

అక్కడే ఏసీ కూడా చచ్చిపోయింది. కిటికీలు తెరుచుకునే రకం కాదు. అద్దాల మీద మా ఊపిరి చెమటలా కారింది. టాయిలెట్ నిండిపోయి, బస్సు ముందుకు జరిగి ఆగిన ప్రతిసారీ దాని తలుపు కింద నుంచి నీలంరంగు నీళ్ళు నాలుకలా బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళేవి. ఒకసారి వెళ్ళడం మానేశాయి. సీట్ల మధ్య దారిలో మెల్లగా పాకుతూ ముందుకు వచ్చాయి.

"దాన్యూబ్ నది వచ్చేసింది రోయ్!" అని టిమెక్ అరిచాడు.

అందరూ కాళ్ళు పైకి లాక్కున్నారు. బోగ్నా బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. నాకు కడుపులో ఏదో తిరిగింది. ముందు అది రోత వల్లే అనుకున్నాను. నోటితో గాలి పీల్చుకున్నాను. అప్పుడు ఆ గాలికి రుచి కూడా తెలిసింది.

"బోగ్నా, కవరేదైనా ఇవ్వవే."

"ఎందుకు?"

ఎందుకో చెప్పే వ్యవధి లేకపోయింది. నా టోపీ పట్టాను. టోపీ చాలలేదు. మిగిలింది నా చొక్కా మీద, సీటు మీద, బోగ్నా ఒళ్ళోని తెల్లబూట్లలో పడింది.

అది కేక పెట్టింది. "ఛీ! ఛీ! ఏంటే ఇది! లే, లేవవే ఇక్కణ్ణుంచి!"

బస్సంతా ముక్కులు మూసుకుంది. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. ఎవరో సెంటు కొట్టారు, దాంతో ఇంకా ఘోరమైంది. కురెక్ వచ్చి దూరం నుంచే చూశాడు. ఒక రుమాలైనా ఇవ్వలేదు. "బస్సు ప్రయాణం పడనివాళ్ళు ఇంట్లో ఉండాలి కదా" అని మైకులో మాట్లాడినట్టే అందరికీ వినపడేలా అన్నాడు. "వెనక్కి పో. టాయిలెట్ పక్క సీటు ఖాళీగా ఉంది."

హలీనా మేడమ్ ఒకసారి వెనక్కి తిరిగి, "అయ్యో, పాపం" అని, మెడ రుమాలు ముక్కు మీదికి లాక్కుని మళ్ళీ ముందుకు తిరిగింది.

నేను నీలం నీళ్ళలో అడుగులేసుకుంటూ వెనక్కి వెళ్ళాను. నా ఒంటి మీద నాకే ఏవగింపు. నా జుట్టు చివర్లు నాకే తగలకుండా పట్టుకుని కూర్చున్నాను. నా ఫోను బోగ్నా పక్కన సంచిలోనే ఉండిపోయింది. అడుగుదామంటే అది నా వైపు చూడలేదు.

గ్రాత్స్ ఊరు దాటాక బంకు దగ్గర బస్సు ఆగింది. నేను కడుపు పట్టుకుని అందరికన్నా ముందు దిగి పరిగెత్తాను. లోపల చాలాసేపే పట్టింది. తర్వాత చొక్కా విప్పి సబ్బునీళ్ళతో ఉతికి, గాలి మిషను కింద పట్టుకుని, సగం తడిగానే మళ్ళీ తొడుక్కున్నాను. అద్దంలో మొహం పాలిపోయి ఉంది కానీ మనిషి మొహంలాగే ఉంది. బయటికి వచ్చేసరికి మా బస్సు ఆగిన చోట నూనె మరకా, ఒక నీలం మడుగూ ఉన్నాయి.

మొదట నమ్మలేదు. బంకు చుట్టూ తిరిగాను. లారీల వెనక చూశాను. ఒక లారీ డ్రైవరు నా చొక్కా వైపు చూసి కిటికీ అద్దం ఎక్కించుకున్నాడు. పేవ్‌మెంటు అంచున కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఖాళీ కడుపు మాత్రం మళ్ళీ మళ్ళీ పైకి తన్నింది.

పక్కనే ఒక స్లోవాక్ బస్సు ఆగి ఉంది. త్రెంచీన్ నుంచి ఇటలీలో సముద్ర స్నానాలకు వెళ్తున్న ముసలివాళ్ళు. దిగి ఒళ్ళు విరుచుకుంటున్నారు. ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. పొట్టి మనిషి, మోచేతుల దాకా బలమైన చేతులు, ఎర్రటి జుట్టు.

"ఏమైందమ్మాయ్?"

వాళ్ళ భాషా మా భాషా దగ్గరదగ్గరే. సగం అర్థమవుతుంది. అందుకే ధైర్యంగా మా మాటల్లోనే "మా బస్సును వెతుకుతున్నాను" అన్నాను.

ఆవిడ వెనకున్న ముసలాయన తాగుతున్న కాఫీ బయటికి ఊశాడు. ఇంకో ఇద్దరు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వారు. వెతకడానికి మేము వాడే మాట వాళ్ళ భాషలో పచ్చి బూతని నాకు ఆ తర్వాత తెలిసింది. నేను మా బస్సుతో ఏం చేస్తున్నానని చెప్పానో ఊహించుకోండి.

"నోరు ముయ్ ఓండ్రెయ్, పిల్ల పోలండు పిల్ల" అని ఆవిడ ముసలాయన్ని కసిరింది. నా వైపు తిరిగి "బస్సు పోయిందా? నిన్నొదిలేసి పోయిందా?" అంది.

తల ఊపాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆవిడ పేరు జెల్మీరా. తేతా అని పిలవమంది, అంటే అత్త. నా చంకల కింద చేతులు వేసి లేపింది. "దగ్గరికి రాకండి, నేను కంపు కొడుతున్నాను" అన్నాను.

"నువ్వా? నేను మార్టిన్ ఊళ్ళో సాసేజీల దుకాణంలో పనిచేశానమ్మాయ్. పెళ్ళినాటి నుంచి పింఛను దాకా పంది పేగులు కడిగాను. నువ్వు నాకు గులాబీ పువ్వువి" అని నన్ను తన వైపుకి అదుముకుంది. నిజంగానే ముక్కు చిట్లించలేదు. ఆ రోజంతటిలో నన్ను తాకిన మొదటి మనిషి ఆవిడే.

వాళ్ళ బస్సెక్కించి తన స్వెట్టరు తొడిగింది. పంచదార కలిపిన టీ చెంచాతో తాగించింది. అమ్మ నంబరొక్కటే నాకు కంఠతా వచ్చు. తేతా ఫోన్ నుంచి చేస్తే అమ్మ ఎత్తింది. విన్నాక కురెక్ నంబరు చెప్పి, "ముందు వాడితో నువ్వు మాట్లాడు. తర్వాత నేను మాట్లాడతాను" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

కురెక్‌కు చేశాం. తేతా స్పీకరు పెట్టింది.

"ఎవరూ? ఒతీలియావా? నువ్వు వెనకాల పడుకున్నావు కదా!"

"లేను సార్. బంకులోనే ఉన్నాను."

"మరి ఉందన్నారే!" తర్వాత గొంతు తగ్గించాడు. "చూడమ్మా, ఈ రోడ్డు మీద వెనక్కి తిరగాలంటే ఎక్కడిదాకానో పోవాలి. ఇప్పటికే సగం రోజు ఆలస్యం. వెనిస్‌లో మన బసకు తీసుకెళ్ళే పడవ తప్పిపోతే ఇంతమందికీ పడక ఉండదు. ఒక్కదానికోసం అందర్నీ... నీతో ఎవరున్నారు? స్లోవాక్‌లా? వాళ్ళదీ ఇటే కదా. క్లాగెన్‌ఫుర్ట్ దాటాక సరస్సు దగ్గర ఆగుతాం, అక్కడికి దింపమను."

ఫోన్‌లో ఆయన వెనక నుంచి టిమెక్ గొంతు స్పష్టంగా వినపడింది. "ఇప్పుడే కాస్త వాసన పోయింది సార్, మళ్ళీ ఎందుకు!" నవ్వులు వచ్చాయి. ప్రతి నవ్వూ ఎవరిదో నేను చెప్పగలను. బోగ్నా నవ్వు వాటిలో లేదు. కానీ దాని మాటా లేదు.

తేతా ఫోన్ లాక్కుని, "ఏయ్, సెంటు బుడ్డీ!" అంది. ఆయన సెంటు కొట్టుకుంటాడని ఆవిడకెలా తెలిసిందో దేవుడికే తెలియాలి. "పిల్లను వదిలేసి పోయినవాడివి, ఇంకా టైం లెక్కలు చెప్తావా? పోలీసులకు చెప్పనా?"

లైను తెగిపోయింది.

"ఛీ, వీడి మొహం" అంది తేతా. నాకూ అంతకన్నా మంచి మాట దొరకలేదు. మధ్యాహ్నం నుంచి నా కడుపులో తిరుగుతున్నది కట్లెట్ ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. ఆ బస్సులోకి మళ్ళీ ఎక్కాలన్న ఆలోచనకే వాంతి వచ్చేట్టు ఉంది.

కొండల మధ్య నుంచి స్లోవాక్ బస్సు మెత్తగా సాగింది. కిటికీలు తెరిచి ఉన్నాయి. పైన్ చెట్ల వాసన వచ్చింది. ముసలివాళ్ళు పాడుతున్నారు. ఓండ్రెయ్ తాత మధ్యమధ్యలో నా వైపు తిరిగి "బస్సును వెతుకుతున్నావా ఇంకా?" అని అడిగి, తేతా చేత వీపు మీద దెబ్బ తిన్నాడు. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

సరస్సు కనిపించే మలుపు దగ్గర, బళ్ళు ఆపుకునే చోట, మా బస్సు కనిపించింది. అన్ని తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ముందు నాకు అక్కడేం జరుగుతోందో అర్థం కాలేదు. ఆటల పీరియడ్‌లో వంగి కాళ్ళు ముట్టుకోమన్నట్టు అందరూ వంగి ఉన్నారు. కంచె పట్టుకుని కొందరు, చెట్లు పట్టుకుని కొందరు, ఏమీ పట్టుకోకుండా గడ్డిలో మోకాళ్ళ మీద కొందరు. టిమెక్ చెత్తడబ్బాను కౌగిలించుకుని ఉన్నాడు. హలీనా మేడమ్ తన దిండు మీదే కూర్చుని, రుమాలు ఇప్పుడు నోటి దగ్గర పట్టుకుని, తెల్లగా సున్నంలా ఉంది. వియన్నా దగ్గర తిన్న పొట్లాలు అందరినీ ఒకేసారి అందుకున్నాయి. అక్కడ టాయిలెట్ లేదు. చుట్టూ చదునైన గడ్డి, పక్కన రోడ్డు, అందమైన సరస్సు.

మేమున్న స్లోవాక్ బస్సు ఆగగానే వాళ్ళ తలలు లేచాయి. శుభ్రంగా మెరుస్తున్న బస్సు. దాని మధ్య తలుపు పక్కన, పనిచేస్తున్నట్టు పచ్చలైటు వెలుగుతున్న టాయిలెట్. అందరూ ఒక్కసారి కదిలారు. అందరికన్నా ముందు కురెక్ వచ్చాడు. పొట్ట పట్టుకుని, సగం వంగి, లేత నీలం చొక్కా అంతా చెమటతో. తనకన్నా ముందున్న మాకన్నా చిన్నదైన పదో తరగతి అగాటాను మోచేత్తో పక్కకు తోసి మెట్టు మీద కాలు పెట్టాడు.

తేతా తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఆగు. నువ్వేనా సెంటు బుడ్డివి?"

"అమ్మా, దయచేసి... ఒక్క నిమిషం..."

"నన్నడక్కు." ఆవిడ నా భుజం మీద చెయ్యేసి ముందుకు తెచ్చింది. "ఈ పిల్లనడుగు. ఇది రానిస్తే వస్తావు."

అందరూ నా వైపు చూశారు. ఇలాంటి క్షణం గురించి కలలు కనేవాళ్ళుంటారు. నాకు మాత్రం ఆనందం అణువంత కూడా కలగలేదు. కురెక్ పెదవి అంచున ఎండిన మయోనీజ్ ఉంది. నా వైపు నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు. "ఒతీలియా, తల్లీ, నువ్వు మంచిపిల్లవి కదా" అంటున్నాడు. బంకులో వదిలేసినప్పటి కన్నా ఎక్కువ రోత ఆ 'తల్లీ' అన్న మాటకే వేసింది.

"అందర్నీ రానివ్వండి తేతా" అన్నాను. "ముందు అగాటా."

ఓండ్రెయ్ తాత కురెక్ కాలరు పట్టుకుని వెనక్కి లాగి, వరస చివర్లో నిలబెట్టాడు. "లైన్లో రా బాబూ, లైన్లో" అన్నాడు ఎంతో మర్యాదగా. కురెక్ తన వంతు వచ్చేదాకా ఆగలేకపోయాడు. అంతకన్నా వివరంగా చెప్పను. ఆయన ప్యాంటు సంగతి మా స్కూల్లో అందరికీ తెలుసు.

బోగ్నా వరసలోకి రాలేదు. కంచె దగ్గర ఒక్కతే వంగి ఉంది. కాళ్ళకు బూట్లు లేవు. పొడవైన జుట్టు మొహం మీద పడి, అన్నిటిలోనూ తడుస్తోంది. కాసేపు చూసి వెళ్ళాను. దాని జుట్టు వెనక్కి తీసి పిడికిట్లో పట్టుకున్నాను. నా చేతికి తడి అంటింది. ముక్కు చిట్లించకుండా ఉండడం నా వల్ల కాలేదు. నేను తేతాను కాను.

"నువ్వా?" అంది బోగ్నా తల ఎత్తకుండా. "లెక్కపెట్టినప్పుడు... నువ్వున్నావనుకున్నాను."

"ఉందన్నది నువ్వేనా?"

అది ఇంకోసారి కక్కింది. తర్వాత చాలా చిన్నగా "వెనక్కి తిరిగితే కంపొస్తుందని తిరగలేదే" అంది. "నేనంటే అసహ్యం వేస్తోంది కదూ నీకు?"

"వేస్తోంది."

"మరి వదిలేయ్."

"వదిలేస్తే జుట్టంతా పాడవుతుంది. కానివ్వు."

ఎవరో పిలవగా అంబులెన్సులూ, వాటి వెనకే పోలీసులూ వచ్చారు. పోలీసాయన మా బస్సులోకి తల పెట్టి, అంతే వేగంగా బయటికి తీశాడు. టైర్లు చూసి, బ్రేకులు చూసి, తాళంచెవులు తీసేసుకున్నాడు. ఆ బస్సు ఇక కదలదన్నాడు. మీరెక్ అందుకు సంతోషించినట్టే కనిపించాడు. ఒక స్కూలు వ్యాయామశాలలో చాపల మీద మమ్మల్ని పడుకోబెట్టి, ఉప్పునీళ్ళ సూపూ ఎండు రొట్టె ముక్కలూ ఇచ్చారు. తేతా వాళ్ళ బస్సు వెళ్ళిపోయేముందు ఆవిడ నా రెండు చెంపలూ ముద్దుపెట్టుకుని, స్వెట్టరు ఉంచుకోమంది. వెనిస్ అక్కణ్ణుంచి మూడు గంటల దారి. ఎవరూ దాని పేరెత్తలేదు. వేరే బస్సొచ్చి మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళింది.

తర్వాత స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టి, మమ్మల్నీ రమ్మన్నారు. కురెక్ కొత్త చొక్కాతో, అదే సెంటుతో వచ్చాడు. తిండిలో తప్పేమీ లేదన్నాడు. "అసలు మొదలుపెట్టింది ఆ అమ్మాయి. ఏదో జబ్బుతో వచ్చి అందరికీ అంటించింది. పైగా దిగేటప్పుడు ఎవరికీ చెప్పలేదు. లెక్కపెడితే ఉందనే జవాబొచ్చింది" అన్నాడు. హలీనా మేడమ్ బల్ల వైపు చూస్తూ కూర్చుంది. మా అమ్మ లేవబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయనతో మాట్లాడడానికి అమ్మ నోరు తెరవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది.

వెనక వరసలోంచి బోగ్నా లేచింది. దాని మొహం ఎర్రగా ఉంది.

"ఉందని చెప్పింది నేను. చూడకుండా చెప్పాను. ఈయన ఒక్క అడుగు కూడా వెనక్కి రాలేదు, నన్నే అడిగాడు. ఫోనొచ్చాక ఒతీలియా బంకులో ఉందని బస్సులో అందరికీ తెలుసు. వెనక్కి తిప్పమని ఒక్కళ్ళం కూడా అనలేదు. మేడమ్ కూడా అనలేదు."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. బోగ్నా వాళ్ళమ్మ దాని చెయ్యి పట్టి కిందికి లాగింది. అది కూర్చోలేదు. టిమెక్ వాళ్ళ నాన్న కొడుకు వైపు తిరిగి "నిజమేనా?" అన్నాడు. టిమెక్ నేల చూశాడు. కురెక్ ఏదో చెప్పబోయాడు కానీ ఆ తర్వాత ఆయన మాట ఎవరూ వినలేదు. ఆ కంపెనీతో మా స్కూలు సంబంధం తెంచుకుంది. కురెక్ మాత్రం వేరే ఊళ్ళలో వేరే స్కూళ్ళను ఇప్పటికీ తిప్పుతూనే ఉన్నాడట.

బయట మెట్ల దగ్గర బోగ్నా నాకోసం ఆగి ఉంది.

"ఇకనైనా నాతో మాట్లాడతావా?"

"మాట్లాడుతున్నాగా."

"అలా కాదు. ఇదివరకటిలా."

సమావేశంలో అది లేచి నిలబడ్డప్పుడు నాకు గుండె నిండింది. అది నిజం. కానీ ఇప్పుడు అది దగ్గరికి జరిగితే నేను అర అడుగు పక్కకు జరిగాను. అదీ నిజమే. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"తెలీదే" అన్నాను.

బోగ్నా తల ఊపింది. ఇద్దరం స్టాపు దాకా నడిచాం. పరీక్షల గురించి కాసేపు మాట్లాడుకున్నాం. ముందు దాని బస్సొచ్చింది. అది ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.